మేడ మీదివాళ్లూ... మెట్ల కిందివాళ్లూ

‘‘ఏమే, నేనేమీ నొక్కలేదు. మీ టీవీలో రంగులు పోయాయి!’’

లండన్ శివార్లలోని ఇంటి నుంచి, ఆఫీసులో మీటింగ్‌లో ఉన్న కూతురికి తల్లి చేసిన ఫోన్ అది. నిన్న చూసిన మొదటి భాగం నిక్షేపంగా రంగుల్లో వచ్చింది. ఇవాళ రెండోది పెట్టేసరికి అంతా నలుపూ తెలుపూ. ఆవిడ రిమోట్ మీదున్న మీటలన్నీ ఒకటికి రెండుసార్లు నొక్కారు. వెనకాల వైర్లు పీకి మళ్లీ పెట్టారు. డిస్కు బయటికి తీసి చీర కొంగుతో తుడిచారు. ఊహూఁ, లాభం లేకపోయింది. సాయంత్రం అల్లుడొచ్చి, ఇంటర్నెట్‌లో వెతికి, నవ్వాడు.

‘‘టీవీ బాగానే ఉందత్తయ్యా. వాళ్లు తీసిందే అలా!’’

ఆ డీవీడీల పెట్టె మీదున్న పేరు ‘అప్‌స్టెయిర్స్, డౌన్‌స్టెయిర్స్’. మన మాటల్లో చెప్పాలంటే మేడ మీద, మెట్ల కింద. లండన్ వీకెండ్ టెలివిజన్ సంస్థ బ్రిటన్‌లోని ఐటీవీ కోసం తీసిన సీరియల్. 1971 అక్టోబరు 10న మొదలై 1975 డిసెంబరు 21న ముగిసింది. మొత్తం 68 భాగాలు. ఒక్కోటీ ఇంచుమించు 50 నిమిషాలు. నిద్రాహారాలు మాని వరసగా చూసినా రెండు రోజులు దాటిపోతుంది.

రంగులు పోవడం వెనక ఓ సమ్మె కథ ఉంది. బ్రిటన్‌లో టీవీకి అప్పుడప్పుడే రంగులొస్తున్న కాలం. కలర్ కెమెరాలతో పనిచేయాలంటే జీతం పెంచాలన్నారు ఐటీవీ సాంకేతిక సిబ్బంది. యాజమాన్యాలు ఒప్పుకోలేదు. సరే, పని మానం, రంగు యంత్రాలు మాత్రం ముట్టుకోం అన్నారు వాళ్లు. 1970 నవంబరు నుంచి 1971 ఫిబ్రవరి దాకా అదే వరస. ఈ సీరియల్లో మొదటి ఆరు భాగాల చిత్రీకరణ సరిగ్గా ఆ రోజుల్లో పడింది. గొడవ సద్దుమణిగాక మొదటిదాన్ని మాత్రం మళ్లీ రంగుల్లో తీశారు. రెండు నుంచి ఆరు దాకా అలాగే ఉండిపోయాయి.

ఆ సంగతి చెబితే ఆవిడ ముఖం విప్పారింది. ‘‘మేమూ అంతే కదయ్యా! బడికి వెళ్లేవాళ్లం, పాఠాలు చెప్పేవాళ్లం. స్పాట్ వాల్యుయేషన్ మాత్రం చేయం అనేవాళ్లం’’ అన్నారు. అలా ఆ సీరియల్‌తో మొదటి చుట్టరికం కలిసింది.

ఆవిడది రాజమండ్రి. ఉన్నత పాఠశాలలో సోషల్ చెప్పి రిటైరయ్యారు. భర్త పోయాక ఒక్కరే ఉంటున్నారని కూతురు బతిమాలి 2025 చివర్లో ఆరు నెలల వీసా మీద తీసుకొచ్చింది. చలికాలంలో లండన్‌కి కొత్తగా వచ్చిన అమ్మానాన్నల అవస్థ తెలియంది కాదు. సాయంత్రం నాలుగింటికే చీకటి. పక్కింటివాళ్లు కనిపిస్తే చిరునవ్వు, అంతకుమించి మాట ఉండదు. పిల్లలంతా బయటికెళ్లాక ఇంట్లో గడియారం చప్పుడొక్కటే. తెలుగు సీరియళ్లు ఫోన్‌లో వస్తాయిగానీ ఆవిడకు వాటిమీద గురి లేదు. చూసిన మొహాలే చూపిస్తారని విసుగు.

అక్కడ వీధికో ఛారిటీ షాపు ఉంటుంది. జనం వాడి వదిలేసిన బట్టలు, పుస్తకాలు, సామాన్లు తెచ్చిస్తే అమ్మి, ఆ డబ్బు మంచిపనులకు వాడతారు. ఇప్పుడు సినిమాలూ సీరియళ్లూ అన్నీ ఇంటర్నెట్‌లోనే కాబట్టి ఒకప్పుడు ముచ్చటపడి కొనుక్కున్న డీవీడీలన్నీ ఆ షాపుల్లో గుట్టలుపడి ఉంటున్నాయి. ఓ శనివారం కూతురు అలాంటి చోట ఈ పెట్టె చూసింది. ఐదు పౌండ్లు. ‘అమ్మకి చరిత్రంటే ఇష్టం కదా’ అనుకుంది. అటకమీది పాత ప్లేయరు దించి దుమ్ము దులిపారు.

కథ 1903లో మొదలవుతుంది. లండన్‌లోని బెల్‌గ్రేవియా అనే ఖరీదైన పేట. 165, ఈటన్ ప్లేస్. పార్లమెంటు సభ్యుడు రిచర్డ్ బెల్లమీ, ఆయన భార్య లేడీ మార్జరీ, కొడుకు జేమ్స్, కూతురు ఎలిజబెత్... వీళ్లు మేడ మీదివాళ్లు. పనివాళ్లందరికీ పెద్ద హడ్సన్, వంటావిడ మిసెస్ బ్రిడ్జెస్, పనిమనిషి రోజ్, కుర్ర నౌకరు ఎడ్వర్డ్, వంటింట్లో అంట్లు తోమే రూబీ... వీళ్లు మెట్ల కింద నేలమాళిగవాళ్లు. 1903 నుంచి 1930 దాకా ఆ ఇంటి రెండు అంతస్తుల మీదుగా ఇంగ్లండు చరిత్ర నడిచిపోతుంది. ఏడో ఎడ్వర్డ్, టైటానిక్, మొదటి ప్రపంచ యుద్ధం, ఇన్‌ఫ్లుయెంజా, 1929 షేర్‌మార్కెట్ పతనం. ఆవిడ ముప్ఫై ఏళ్లపాటు నల్లబల్ల మీద రాసినవే అన్నీ. కాకపోతే పాఠంలో అవి ఐదు మార్కుల ప్రశ్నలు. ఇక్కడ వంటింట్లోకి వచ్చే కబుర్లు.

ఈ ఆలోచన ఇద్దరు నటీమణులది. జీన్ మార్ష్, ఐలీన్ అట్కిన్స్. ఇద్దరి కన్నవాళ్లలోనూ పెద్దిళ్లలో పనిచేసినవారు ఉన్నారు. అంతకుముందు బీబీసీలో ‘ది ఫోర్సైట్ సాగా’ అనే 26 భాగాల సీరియల్ వచ్చి ఊపేసింది. 1968-69లో ఆదివారం సాయంత్రాలు దాన్ని మళ్లీ వేస్తుంటే చర్చిల్లో ప్రార్థన వేళలు కూడా మార్చుకున్నారట. (మనకు 1987లో ఆదివారం పొద్దుట ‘రామాయణ్’ వచ్చేటప్పుడు రోడ్లు ఎలా ఉండేవో గుర్తుందిగా!) అందులో ధనవంతుల ఇళ్లు, కుచ్చుల గౌన్లు, విందులు. మరి ఆ గౌన్లు ఉతికేదెవరు, ఆ వంటలు వండేదెవరు అన్న ప్రశ్న ఈ ఇద్దరికీ వచ్చింది. 1911 జనాభా లెక్కల నాటికి ఇంగ్లండు, వేల్స్‌లలో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లే పన్నెండు లక్షలకు పైగా ఉన్నారు. ఏ కథలోనూ వాళ్లు ట్రే పట్టుకుని వచ్చి వెళ్లడమే తప్ప నోరు విప్పింది లేదు. పాత ఇళ్లలో యజమానుల గదులకూ పనివాళ్ల చోటుకూ మధ్య చప్పుడు వినపడకుండా ఆకుపచ్చ ఉన్నిగుడ్డ తాపడం చేసిన తలుపు ఉండేది. ఆ తలుపు పేరే మొదట కథకు పెట్టుకున్నారు. జీన్ మార్ష్ స్వయంగా రోజ్ పాత్ర వేసింది. ఐలీన్‌కి మాత్రం అప్పట్లో రంగస్థలం మీద పని ఉండి కుదరలేదు.

సంస్థవాళ్లకు పెద్దగా నమ్మకం లేక ఆదివారం రాత్రి పొద్దుపోయాక వేశారు. అదే వాళ్ల పేరు నిలబెట్టింది.

మొదటి భాగం మొదటి దృశ్యాల్లోనే ఆవిడ డిస్కు ఆపేశారు. పని కోసం ఓ అమ్మాయి వస్తుంది. తెలియక ముందు వాకిలి తలుపు కొడుతుంది. అటు కాదు, కిందికి దిగి రావాలి అంటారు. మెట్లు దిగి నేలమాళిగ గుమ్మం గుండా లోపలికొస్తుంది. తర్వాత లేడీ మార్జరీ ముందు నిలబెడతారు. పేరేమిటంటే, తనది ఫ్రెంచివాళ్ల వంశమని గొప్పలు పోతూ ‘క్లెమెన్స్’ అంటుంది. అది పనిమనిషికి ఉండాల్సిన పేరు కాదంటుంది అమ్మగారు. ఈ రోజు నుంచి నీ పేరు సారా! ఎంత తేలిగ్గా అంటుందో. కర్టెన్ రంగు మార్చమన్నట్టు.

ఆవిడ ఇంట్లో ఇరవై రెండేళ్లు పనిచేసిన మనిషి ఉంది. చిట్టి. అసలు పేరు చిట్టి కాదు. పనిలో చేరిన రోజు చెప్పిన పేరు ఆవిడ అత్తగారి పేరు అయింది. అత్తగారి పేరు పెట్టి ‘అంట్లు తోమవే’ అని కోడలు ఎలా పిలుస్తుంది? తప్పు కదా. అందుకని చిట్టి అన్నారు. అత్తగారు కాలం చేసి పదిహేనేళ్లయ్యాక కూడా చిట్టి చిట్టిగానే ఉంది. ‘‘వాళ్లదీ మనదీ ఒకటి కాదులే. మనది మర్యాద కోసం’’ అని ఆవిడ మీట నొక్కి ముందుకు వెళ్లిపోయారు.

ఒప్పుకోవాలి, తొలి భాగాలు చూడ్డానికి కాస్త ఓపిక కావాలి. చాలాభాగం స్టూడియోలో వీడియో టేపు మీద తీశారు. తలుపు గట్టిగా వేస్తే గోడ వణుకుతుందేమో అనిపిస్తుంది. వీధి దృశ్యాలు ఫిలిం మీద తీయడంతో గుమ్మం దాటగానే వెలుతురు మారిపోతుంది. ఇప్పటి సీరియళ్లలా గుండెల మీద డప్పు కొట్టే సంగీతం లేదు. ఒక మనిషి మాట పూర్తయ్యేదాకా ఇంకో మనిషి వింటాడు. అదే వింతగా ఉంటుంది ముందు. నాలుగైదు భాగాలు దాటాక ఆ నిదానమే రుచి మరుగుతుంది.

పైగా హడ్సన్ వేసిన గోర్డన్ జాక్సన్ స్కాట్లండు మనిషి. ఆయన యాస ఆవిడకు మొదట కొరుకుడు పడలేదు. ఇక్కడే ఇంట్లో వీడియో ఉండటంలోని సుఖం తెలిసింది. అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకోవచ్చు. ఒకసారి కథ కోసం చూసేవారు. రెండోసారి మాటల కోసం. ఇంకో పనేం ఉంది గనక, మూడోసారీ చూసేవారు. ఆ మూడోసారి చూసేది మాత్రం మాట్లాడేవాళ్లను కాదు, తెరకు ఓ పక్కన నిలబడి ఉన్నవాళ్లను. భోజనాల బల్ల దగ్గర దొరలు కొడుకు చేసిన అప్పుల గురించి తగవు పడుతుంటారు. వెనకాల గోడవారగా ఎడ్వర్డ్ పళ్లెం పట్టుకుని నిలబడి ఉంటాడు. ముఖంలో ఏ భావమూ లేదు. అన్నీ వింటున్నాడు. పది నిమిషాల తర్వాత కింద వంటింట్లో ఆ మాటలన్నీ వాళ్ల రొట్టెతోపాటు బల్లమీదికొస్తాయి.

1971లో చూసినవాళ్లకు ఈ భోగం లేదు. ఆదివారం రాత్రి వేసింది చూస్తే చూసినట్టు, లేకపోతే లేదు. ఇళ్లలోకి వీడియో రికార్డర్లు ఇంకా రాలేదు. అసలు ఆ రోజుల్లో టీవీ కార్యక్రమాలు దాచుకునే వస్తువులని ఎవరూ అనుకోలేదు. టేపు ఖరీదైనది కాబట్టి పాతది చెరిపి కొత్తది ఎక్కించేవారు. బీబీసీవారి ‘డాక్టర్ హూ’ తొలినాళ్ల భాగాలు ఎన్నో అలాగే మాయమయ్యాయి. ‘అప్‌స్టెయిర్స్, డౌన్‌స్టెయిర్స్’ అదృష్టవంతురాలు. 68 భాగాలూ మిగిలాయి. అమెరికావాళ్లకైతే 1974లో పీబీఎస్ ఛానల్ తొలి రెండు సిరీస్‌ల్లోని 26 భాగాల్లో 13 మాత్రమే చూపించింది. మిగతా సగంలో ఏం జరిగిందో వాళ్లు తాపీగా చూడగలిగింది క్యాసెట్లూ డిస్కులూ వచ్చాకే.

ఆ నలుపు తెలుపు భాగాల్లోనే ఆవిడకు బాగా నచ్చినవి రెండున్నాయి. ఒకదాంట్లో యజమానులు ఊరెళ్తారు. పనివాళ్లు పైకెళ్లి వాళ్ల బట్టలు వేసుకుని దొరల్లా, దొరసానుల్లా ఆటలాడుతుంటే జేమ్స్ హఠాత్తుగా ఊడిపడతాడు. తిట్టడు. ఆట ఆపొద్దు, ఆడండి అంటాడు. తిట్టినా బాగుండేది. ఇంకోదాంట్లో కొత్తగా చేరిన పనిపిల్ల గర్భవతి అని తెలుస్తుంది. అంతకుముందు పనిచేసిన ఇంట్లో కుర్ర దొర చేసిన పని. బెల్లమీ మంచివాడు, న్యాయం జరిపించాలని తిరుగుతాడు. అవతలివాళ్ల పలుకుబడి ముందు ఆ మంచితనం ఎంతదూరం నడుస్తుంది? పిల్ల వెళ్లిపోతుంది. ఇంట్లో మామూలుగా దీపాలు వెలుగుతాయి.

తర్వాత సారాకీ అదే గతి. ఈసారి కారకుడు సొంత కొడుకు జేమ్స్. ఆమెను ఇల్లు కదిలించారు, అతణ్ని సైన్యంలో ఇండియాకు పంపించారు. ‘‘వీళ్లింట్లో వెధవ పని చేసిన ప్రతివాణ్నీ మన మీదికి తోలారన్నమాట!’’ అన్నారు టీచరుగారు. మేడ మీద ఏడో ఎడ్వర్డ్ రాజుగారికి విందు జరుగుతున్న రాత్రే సారాకి నొప్పులొస్తాయి. రాజుగారికి అనుమానం రాకుండా అందరూ వంతులవారీగా పైకీ కిందికీ తిరుగుతారు. బిడ్డ దక్కదు.

టైటానిక్ కథకు ఓడను చూపించనే లేదు. లేడీ మార్జరీ బయల్దేరుతుంది. తర్వాత వార్త వస్తుంది. వెంటవెళ్లిన పనిమనిషి మాత్రం బతికి, మతి చెదిరి, అమ్మగారి నగలపెట్టె గుండెలకు అదుముకుని తిరిగొస్తుంది. యుద్ధమూ చాలావరకు అలాగే ఇంట్లోంచే. ఎడ్వర్డ్ సైన్యంలోకి వెళ్లి ఒంట్లో గాయం లేకుండా, మనసు ఛిద్రమై వస్తాడు. జేమ్స్ భార్య హేజెల్ యుద్ధం ఆగిన రోజుల్లోనే ఇన్‌ఫ్లుయెంజాకు పోతుంది. రోజ్ పెళ్లాడాల్సిన గ్రెగరీ అనే ఆస్ట్రేలియా రైతు యుద్ధభూమి నుంచి తిరిగి రాడు. పోతూ పోతూ ఆమె పేర 1,200 పౌండ్లు వదిలిపెడతాడు. ఓ పనిమనిషికి అది కొండంత డబ్బు. ఆమె దాన్ని ముట్టుకోదు.

ఇలా చలికాలమంతా రోజుకో భాగం, రెండు భాగాలు. కూతురూ అల్లుడూ రాత్రి భోజనాల దగ్గర ‘‘ఇవాళ ఈటన్ ప్లేస్‌లో ఏమైంది?’’ అని అడిగేవారు. ఆవిడ చెప్పేవారు. వంటావిడకు పెళ్లికాకపోయినా ‘మిసెస్’ అనే పిలవాలట, అది వాళ్ల పద్ధతి. పనివాళ్ల బల్ల దగ్గరా ఎవరెక్కడ కూర్చోవాలో లెక్కలున్నాయట. కింద మళ్లీ ఓ కింద. చెబుతూ చెబుతూ ‘‘మన చిట్టి ఉండేదే, అది కూడా ఇలాగే...’’ అనేవారు.

‘‘అది అనకమ్మా.’’

‘‘నా నోటికి అలా వచ్చేస్తుందే. దానికి తెలుసు నా మనసు.’’

చివరి సిరీస్ మొదలయ్యాక ఆవిడ వేగం పెరిగింది. తీరా చివరికి వచ్చేసరికి ఒకచోట ఆగిపోయారు. 1929. జేమ్స్ షేర్‌మార్కెట్‌లో దిగి ఉంటాడు. లాభాల మత్తులో ఉన్న జేమ్స్ చేతికి రోజ్ డబ్బు కూడా చేరుతుంది. చెడ్డ ఉద్దేశం లేదు. పెంచి ఇద్దామనే. అక్టోబరులో న్యూయార్క్ మార్కెట్ కుప్పకూలుతుంది. అతని డబ్బుతోపాటు రోజ్ 1,200 పౌండ్లూ పోతాయి. నీ డబ్బు పోతే పోయింది, ఆమె డబ్బు ఎలా తీసుకున్నావని తండ్రి మండిపడతాడు. జేమ్స్ ఇల్లు వదిలి మెయిడెన్‌హెడ్ అనే ఊళ్లో హోటల్ గదిలో ప్రాణం తీసుకుంటాడు.

ఆ భాగం పూర్తికాకుండానే ఆవిడ ప్లేయరు ఆపేశారు. మర్నాడు పెట్టలేదు. ఆ తర్వాతి రోజూ పెట్టలేదు. అడిగితే తలనొప్పి అన్నారు. నాలుగోరోజు కూతురు టీ కప్పుతో పక్కన చేరితే అప్పుడు బయటపడ్డారు.

చిట్టి తన జీతంలో మిగిల్చుకున్నది అమ్మగారి దగ్గరే దాచుకునేది. ఇంట్లో ఉంటే మొగుడు తాగేస్తాడని భయం. పదేళ్లలో 18 వేలయింది. బీరువాలో ఊరికే పడి ఉండటం దేనికి, దానికీ నాలుగు రూపాయలు వడ్డీ వస్తుందిలే అని మాస్టారు, అంటే ఆవిడ భర్త, తమ డబ్బుతోపాటు ఓ ఫైనాన్స్ కంపెనీలో వేశారు. నూటికి నెలకి రెండు రూపాయలు. 1998లో ఓ రోజు తెల్లారేసరికి ఆ కంపెనీకి తాళం పడింది. మాస్టారు వారం రోజులు అన్నం తినలేదు. తమ డబ్బు మాట వదిలేసి, చిట్టికి నెలకు 500 చొప్పున మూడేళ్లు కట్టి మొత్తం తీర్చేశారు. ‘‘పైసాతో సహా ఇచ్చాం. వేరే ఇళ్లలో అయితే ఇస్తారా?’’ ఈ మాట ఆవిడ పాతికేళ్లుగా బంధువుల దగ్గర చెబుతూనే ఉన్నారు. కూతురు ఎన్నోసార్లు విన్నదే.

ఈసారి కూతురు వెంటనే ఏమీ అనలేదు. కాసేపటికి అంది.

‘‘ఆ డబ్బుతో అది... ఆమె స్థలం కొనుక్కుందామనుకుంది కదమ్మా. ఊరి చివర లేఔట్‌లో రెండు సెంట్లు.’’

‘‘నీకెలా తెలుసు?’’

‘‘నన్ను తీసుకెళ్లి చూపించింది. అప్పుడు ఎనిమిదో తరగతి నేను. పురికొస పట్టుకుని కొలిచాం ఇద్దరం. ఇక్కడ పొయ్యి, ఇక్కడ తులసికోట అంది. మీతో చెప్పొద్దంది. కొన్నాక చెబుతానంది.’’

మూడేళ్లకు 18 వేలూ చేతికొచ్చేసరికి ఆ లేఔట్‌లో సెంటు ధర ఎక్కడికో వెళ్లిపోయింది. చిట్టి ఆ డబ్బుతో పిల్ల పెళ్లి చేసింది. మాటవరసకైనా స్థలం సంగతి ఎత్తలేదు. ఆ తర్వాత ఇంకో పదేళ్లు అదే ఇంట్లో అంట్లు తోమింది. ఇప్పటికీ అద్దె గదిలోనే ఉంటోంది.

ఆవిడ ఆ రాత్రి మిగిలిన ముక్క చూశారు. మర్నాడు ఆఖరి భాగం. 1930లో ఆ ఇల్లు అమ్మేస్తారు. హడ్సన్, మిసెస్ బ్రిడ్జెస్ ఆ వయసులో పెళ్లి చేసుకుని, రూబీని వెంటబెట్టుకుని అతిథిగృహం నడుపుకోవడానికి సముద్రతీరానికి వెళ్లిపోతారు. (వాళ్ల ముగ్గురితో మరో సీరియల్ తీద్దామనుకున్నారు. వంటావిడ వేసిన ఏంజెలా బాడ్లీ 1976 ఫిబ్రవరిలో చనిపోవడంతో అది ఆగిపోయింది.) రోజ్ మాత్రం బెల్లమీ వెంటే, ఆయన రెండో భార్యకు పనిమనిషిగా వెళ్తుంది. వెళ్లేముందు ఖాళీ గదులన్నిటిలోకీ ఒక్కతే తిరుగుతుంది. వెళ్లిపోయినవాళ్ల గొంతులు వినిపిస్తుంటాయి. తలుపు వేసి బయటికొస్తుంది. ఇరవయ్యేడేళ్ల కథలో పైసా మిగలని మనిషి, ఆ ఇంటిని ఆఖరున చూసుకున్న మనిషీ ఆమే.

‘‘డబ్బు పోగొట్టినవాళ్ల ఇంట్లో మళ్లీ ఎలా ఉందమ్మా ఆవిడ?’’ అంది కూతురు.

‘‘పోవడానికి ఇంకో చోటుండాలి కదే’’ అన్నారు ఆవిడ. ఆ దృశ్యాన్ని మళ్లీ వెనక్కి తిప్పి చూశారు. గదుల్లో రోజ్ నడుస్తున్నప్పుడు ఆమె ముఖంలో కోపం కోసం వెతికారట. దొరకలేదని చెప్పారు. దొరికి ఉంటే కాస్త నయంగా ఉండేదనీ అన్నారు.

రోజ్ వేసిన జీన్ మార్ష్ ఆ పాత్రకు అమెరికాలో ఎమ్మీ అందుకుంది. 2010లో బీబీసీ ఆ ఇంటి కథను కొత్తగా తీసినప్పుడు మళ్లీ రోజ్‌గా వచ్చింది. ఈసారి ఐలీన్ అట్కిన్స్ కూడా నటించింది, మేడ మీది పెద్దావిడగా. జీన్ 2025 ఏప్రిల్‌లో తొంభయ్యో ఏట కన్నుమూసింది. అల్లుడు ఈ సంగతి చెబితే టీచరుగారు తెలిసిన మనిషి పోయినట్టు ‘అయ్యో’ అన్నారు.

తిరుగు ప్రయాణానికి పదిరోజుల ముందు, ఓ ఆదివారం, కూతురు ఆవిణ్ని ఈటన్ ప్లేస్‌కి తీసుకెళ్లింది. విక్టోరియా స్టేషన్‌లో దిగి నడిచివెళ్లేంత దూరమే. తెల్లటి స్తంభాల ఇళ్లు, ఒకే వరసలో, ఒకదానికొకటి అతుక్కుని. సీరియల్లో చూపించింది 65వ నంబరు ఇల్లు. షూటింగ్ కోసం స్తంభం మీద ముందొక ‘1’ రాసి 165 చేశారు. బయట ఏ హడావుడీ లేదు. కూతురు ఫొటో తీస్తానంటే ఆవిడ గుమ్మం ముందు నిలబడలేదు. పక్కనున్న నల్లటి ఇనుప కటకటాల దగ్గరకు వెళ్లి, కిందికి దిగే సన్నటి మెట్ల వైపు చాలాసేపు చూశారు.

బస్సులో కూర్చున్నాక అడిగారు. ‘‘ఆ లేఔట్‌లో ఇప్పుడు సెంటు ఎంతుంటుందే?’’

కూతురు రాజమండ్రిలోని చిన్నాన్నకు ఫోన్ చేసి కనుక్కుంది. విని ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. ఇంటికొచ్చి ఆవిడ ఓ కాగితం మీద లెక్క వేశారు. 18 వేలకు మూడేళ్ల వడ్డీ ఒకవైపు. రెండు సెంట్ల ధర ఒకవైపు. ఒకదానికీ ఇంకోదానికీ పొంతనే లేదు. పెన్షన్, ఫిక్స్‌డ్ డిపాజిట్, మాస్టారి పేర ఉన్న స్థలం... కింద ఇంకో వరస రాశారు.

ఆ రాత్రే చిట్టికి వీడియో కాల్ చేశారు. మనవరాలు ఫోన్ పట్టుకుంటే తెరలో సగం ముఖమే కనిపించింది. ‘‘అమ్మగారూ, అక్కడ బాగా చలంట గదా! స్వెట్టర్ ఏసుకుంటన్నారా? మోకాళ్లెలా ఉన్నాయి?’’ అని ఒకటే ప్రశ్నలు. ఈవిడ చెప్పాలనుకున్నది చెప్పలేకపోయారు. వచ్చాక మాట్లాడదాం అన్నారు.

సామాను సర్దేటప్పుడు డీవీడీల పెట్టె సూట్‌కేసులో పెట్టారు. ఇంట్లో ప్లేయరు లేదుగా అంటే, కొనుక్కుంటానన్నారు. లెక్కల కాగితం మాత్రం నాలుగు మడతలు పెట్టి పాస్‌పోర్టులో దాచుకున్నారు.